కరుగుతున్న నేలను లెక్కగట్టడం

సముద్రమట్టానికి సగటున 4,000 మీటర్లకు పైగా ఎత్తున, దాదాపు 25 లక్షల చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన చింగ్‌హై–టిబెట్ పీఠభూమి పేరు వినగానే హిమానీనదాలు తలపుకు వస్తాయి గాని, అక్కడ వాటికంటే ఎన్నో రెట్లు విశాలమైన గడ్డకట్టిన ప్రపంచం కంటికి కనిపించకుండా నేల లోపల ఉంది. వరుసగా కనీసం రెండేళ్లపాటు 0 డిగ్రీల సెల్సియస్ వద్దగాని, అంతకు దిగువనగాని ఉండిపోయే నేలను పర్మాఫ్రాస్ట్ అంటారు, అంటే శాశ్వత ఘనీభూత నేల. 2017లో వెలువడిన ఒక సమగ్ర పటం ప్రకారం ఈ పీఠభూమిలో అటువంటి నేల సుమారు 10.6 లక్షల చదరపు కిలోమీటర్లు ఉంది. అది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల మొత్తం వైశాల్యానికి దాదాపు నాలుగు రెట్లు. ధ్రువాలకు దూరంగా, కేవలం ఎత్తు కారణంగా ఏర్పడిన పర్మాఫ్రాస్ట్‌లో ఇంత విశాలమైనది ప్రపంచంలో మరొకటి లేదు.

ఈ పీఠభూమి గత కొన్ని దశాబ్దాలుగా ప్రపంచ సగటుకు దాదాపు రెట్టింపు వేగంతో వేడెక్కుతోంది. దాని అడుగున ఉన్న గడ్డకట్టిన నేల ఎంత లోతువరకు, ఎంత కాలంలో, ఏయే చోట్ల కరుగుతుందన్న ప్రశ్నకు అంత విస్తీర్ణాన్నీ తవ్వి చూసి జవాబు చెప్పడం అసాధ్యం కనుక, శాస్త్రజ్ఞులు గణిత నమూనాలను ఆశ్రయించారు. నేలలోకి వేడి ఎలా దిగుతుందో, నీరు ఎప్పుడు గడ్డకడుతుందో చెప్పే భౌతిక సూత్రాలను సమీకరణాలుగా రాసి, వాతావరణ వివరాలను అందించి, కంప్యూటర్ చేత భవిష్యత్తును లెక్కకట్టించే పద్ధతినే నమూనా అంటారు. ఇరవై ఏళ్లకు పైగా సాగుతున్న ఈ కృషి నేర్పిన ముఖ్యమైన పాఠం ఏమిటంటే, గాలి ఎంత వేడెక్కుతుందో తెలిసినంత మాత్రాన నేల భవిష్యత్తు తెలిసిపోదు. నేలలోని మంచుగడ్డ వేడిని తనలో దాచుకుంటుంది, లోతు ఆ వేడిని ఆలస్యం చేస్తుంది. ఈ రెండింటినీ పట్టుకోలేని నమూనా ఎంత శక్తిమంతమైన కంప్యూటర్ మీద నడిచినా తప్పుదారి పట్టిస్తుంది.

నేల లోపలి పొరలు

పర్మాఫ్రాస్ట్ ఉన్న చోట కూడా పైపొర వేసవిలో కరిగి శీతాకాలంలో మళ్లీ గడ్డకడుతుంది. ఏటా కరిగి గడ్డకట్టే ఈ పైపొరను క్రియాశీల పొర అంటారు. గడ్డి వేళ్లు, సూక్ష్మజీవులు, నేలలోని నీటి కదలిక, ఇవన్నీ ఎక్కువగా ఈ పొరకే పరిమితం. టిబెట్ పీఠభూమిలో దీని మందం సాధారణంగా ఒకటి నుంచి నాలుగు మీటర్ల దాకా ఉంటుంది. దాని కింద అసలైన పర్మాఫ్రాస్ట్ మొదలై, చాలాచోట్ల కొన్ని పదుల మీటర్ల నుంచి వంద మీటర్లకు పైగా లోతువరకు కొనసాగుతుంది. ఇంకా కిందికి వెళితే భూగర్భం నుంచి పైకి వచ్చే వేడి వల్ల ఉష్ణోగ్రత మళ్లీ 0 డిగ్రీలు దాటుతుంది. సైబీరియాలో కొన్నిచోట్ల వెయ్యి మీటర్లు మించిన మందంతో, మైనస్ 10 డిగ్రీల చలిలో ఉండే పర్మాఫ్రాస్ట్‌తో పోల్చితే టిబెట్ నేల పలుచనిది, వెచ్చనిది. అక్కడి పర్మాఫ్రాస్ట్‌లో చాలా భాగం 0 డిగ్రీలకు ఒకటి రెండు డిగ్రీల దిగువన మాత్రమే ఉండటంతో, కొద్దిపాటి వేడి కూడా దాన్ని కరుగు అంచుకు చేరుస్తుంది.

ఉపరితలంలో వచ్చే మార్పు లోతుకు ఎలా చేరుతుందో తెలుగు పల్లెల్లో బావినీరు వాడినవారందరికీ అనుభవమే: బయట ఎండలు మండుతున్నా బావినీరు చల్లగా ఉంటుంది, చలికాలంలో గోరువెచ్చగా తగులుతుంది. రుతువుల వేడిచలులు నేలలోకి దిగేకొద్దీ బలహీనపడి, పది పదిహేను మీటర్ల లోతుకు వచ్చేసరికి దాదాపు మాసిపోతాయి. అయితే దశాబ్దాల తరబడి సాగే వేడిమి అంత త్వరగా మాసిపోదు. శతాబ్దకాలపు మార్పు ముప్ఫై మీటర్లు దాటి కిందికి చొచ్చుకుపోతుంది. ఆ కారణంగా లోతైన నేల ఉష్ణోగ్రతలో ఈనాటి వాతావరణంతోపాటు గతకాలపు వాతావరణం కూడా నమోదై ఉంటుంది. టిబెట్‌లో నేడు కనిపించే పర్మాఫ్రాస్ట్‌లో కొంత భాగం ఇప్పటికంటే చల్లని యుగాల్లో ఏర్పడినది. ఈనాటి వాతావరణం కొత్తగా దాన్ని సృష్టించలేకపోయినా, ఉన్నదాన్ని కరిగించడానికి కూడా దీర్ఘకాలం తీసుకుంటోంది.

వర్గమూలం చెప్పే నిజం

నేల కరిగే లోతును అంచనా కట్టే పద్ధతుల్లో అతి సరళమైనది ఆస్ట్రియా భౌతిక శాస్త్రవేత్త యోసెఫ్ స్టెఫాన్ పేరు మీద ఉన్న సమీకరణం. పందొమ్మిదో శతాబ్దం చివర ధ్రువ సముద్రాల మీది మంచుగడ్డ ఎలా మందమెక్కుతుందో వివరించడానికి ఆయన చేసిన లెక్కనే తరువాతివారు గడ్డకట్టిన నేలకు అన్వయించారు. ఈ లెక్కకు కావలసినవి మూడు వివరాలు మాత్రమే. మొదటిది వేసవి వేడి మొత్తం: 0 డిగ్రీలు దాటిన ప్రతి రోజు సగటు ఉష్ణోగ్రతను కూడుతూ పోతే వచ్చే మొత్తాన్ని డిగ్రీ–దినాలు అంటారు. రెండోది ఉష్ణవాహకత, అంటే కరిగిన మట్టి గుండా వేడి ఎంత తేలికగా ప్రయాణించగలదన్న కొలత. మూడోది నేలలో ఎంత మంచుగడ్డ ఉంది, దాన్ని కరిగించడానికి ఎంత వేడి కావాలి అన్నది.

ఉదాహరణకు, ఉపరితలం మీద వేసవి మొత్తం 900 డిగ్రీ–దినాలు ఉన్న ఒక చోట, మట్టి ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి 1.3 వాట్లు ఉండి, నేల ఘనపరిమాణంలో ఐదోవంతు నీరు ఉన్నదనుకుంటే, స్టెఫాన్ సమీకరణం ప్రకారం కరిగే లోతు సుమారు 1.7 మీటర్లు. అదే నేలలో నీటి పాలు రెట్టింపయితే, వాహకత మారలేదనుకున్నా, ఆ లోతు సుమారు 1.2 మీటర్లకు తగ్గుతుంది, ఎందుకంటే వచ్చిన వేడి అంతా మొదట మంచుగడ్డను కరిగించడానికే ఖర్చవుతుంది. వాతావరణం వేడెక్కి డిగ్రీ–దినాలు 900 నుంచి 1,200కు పెరిగితే, అంటే వేసవి వేడి మూడోవంతు అధికమైతే, లోతు 1.7 నుంచి దాదాపు 2 మీటర్లకు మాత్రమే పెరుగుతుంది. వేడికీ లోతుకూ మధ్య ఉన్నది వర్గమూల సంబంధం కనుక, కరిగే లోతు రెట్టింపు కావాలంటే వేడి నాలుగింతలు కావాలి. వాతావరణం మారినంత జోరుగా నేల మారకపోవడానికి మొదటి కారణం ఇక్కడే ఉంది.

అయినా మార్పు ఆగిపోలేదు. చింగ్‌హై–టిబెట్ రహదారి వెంట జరిగిన పరిశీలనల్లో 1980ల నుంచి క్రియాశీల పొర మందం దశాబ్దానికి సుమారు 20 సెంటీమీటర్ల చొప్పున పెరుగుతున్నట్లు తేలింది. పీఠభూమి ఉత్తర అంచున కున్‌లున్ పర్వతాల పాదంలో ఉన్న షీదాతాన్ వద్ద, పర్మాఫ్రాస్ట్ మొదలయ్యే ఎత్తు 1975 నుంచి 2002 నాటికి 25 మీటర్లు పైకి జరిగింది. అంటే ఆ పాతిక మీటర్ల వాలు మీది నేల పర్మాఫ్రాస్ట్ పరిధి నుంచి జారిపోయింది.

సగటు 0 దాటినా గడ్డకట్టి ఉండే నేల

స్టెఫాన్ సమీకరణం కరిగే లోతును చెబుతుంది గాని, ఒక చోట పర్మాఫ్రాస్ట్ ఉందో లేదో చెప్పదు. అందుకు 1990ల్లో కెనడా పరిశోధకులు మరో నమూనాను రూపొందించారు. అది పర్మాఫ్రాస్ట్ పైకొస వద్ద ఏడాది సగటు ఉష్ణోగ్రతను లెక్కగడుతుంది. దీని వెనుక ఉన్న భౌతిక సూత్రం ఆసక్తికరమైనది. నీటికంటే మంచుగడ్డ గుండా వేడి దాదాపు నాలుగు రెట్లు తేలికగా ప్రసరిస్తుంది. కాబట్టి తడిమట్టి శీతాకాలంలో గడ్డకట్టినప్పుడు లోపలి వేడి సులువుగా బయటికి పోతుంది, వేసవిలో కరిగినప్పుడు బయటి వేడి అంత సులువుగా లోపలికి రాలేదు. ఏడాది లెక్క చూస్తే నేల పొందిన దానికంటే పోగొట్టుకున్నదే ఎక్కువవుతుంది.

ఒక చోట నేల ఉపరితలం మీద ఏడాదిలో 1,250 డిగ్రీ–దినాల వేడి, 1,200 డిగ్రీ–దినాల చలి ఉన్నాయనుకుందాం. ఈ రెంటి తేడాను 365తో భాగిస్తే ఉపరితల వార్షిక సగటు 0 కంటే కొద్దిగా ఎక్కువ, 0.14 డిగ్రీలు. పైచూపుకు అక్కడ పర్మాఫ్రాస్ట్ ఉండకూడదు. అయితే ఆ మట్టి కరిగినప్పటి ఉష్ణవాహకత, గడ్డకట్టినప్పటి వాహకతలో పదింట ఎనిమిది వంతులే అయితే, లోపలికి చేరే వేడి 1,000 డిగ్రీ–దినాలతో సమానమవుతుంది. అప్పుడు పర్మాఫ్రాస్ట్ పైకొస వద్ద సగటు మైనస్ 0.55 డిగ్రీలకు పడిపోతుంది. ఉపరితలం సగటున కరుగు స్థితిలో ఉన్నా లోపలి నేల గడ్డకట్టే ఉంటుందన్న ఈ వైచిత్ర్యం మూలంగానే, వాతావరణ కేంద్రాల గాలి ఉష్ణోగ్రతలను మాత్రమే చూసి గీసిన పాత పటాలు పలుచోట్ల పొరబడ్డాయి. పైన చెప్పిన 2017 నాటి పటాన్ని ఈ నమూనాతోనే తయారుచేశారు: రోజుకు నాలుగుసార్లు నేల ఉపరితల ఉష్ణోగ్రతను నమోదుచేసే ఉపగ్రహ పరికరాల సమాచారాన్ని, క్షేత్రంలో సేకరించిన మట్టి వివరాలతో జోడించి, పీఠభూమి అంతటా ఒక్కొక్క కిలోమీటరు గడికి లెక్కగట్టారు.

ఈ రెండు పద్ధతులకూ ఒక పరిమితి ఉంది. వాతావరణంతో నేల సమతుల్య స్థితికి వచ్చేసిందన్న ఊహ మీద ఇవి నిలబడి ఉన్నాయి. వాతావరణం నిలకడగా ఉన్నంతకాలం ఈ ఊహ చెల్లుతుంది. వేగంగా వేడెక్కుతున్న కాలంలో మాత్రం నేల ఎప్పుడూ వాతావరణం వెనుకే నడుస్తుంది కనుక, భవిష్యత్తును చెప్పాలంటే కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకునే నమూనాలు అవసరమవుతాయి.

దాగిన వేడి

ఆ ఆలస్యానికి ప్రధాన కారణం గుప్తోష్ణం. ఒక కిలో మంచుగడ్డను 0 డిగ్రీల వద్ద నీరుగా మార్చడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. అంత వేడితో ఒక కిలో నీటిని 0 నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. ఈ వేడి ఉష్ణమాపకానికి చిక్కదు, ఎందుకంటే మంచుగడ్డ కరుగుతున్నంతసేపు ఉష్ణోగ్రత పెరగదు. ఒక ఘనమీటరు గడ్డకట్టిన నేలను ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 2 మెగాజౌళ్లు సరిపోతే, ఆ నేలలో ఐదోవంతు ఘనపరిమాణం మంచుగడ్డ ఉన్నప్పుడు దాన్ని పూర్తిగా కరిగించడానికి 60 మెగాజౌళ్లకు పైగా కావాలి. చదరపు మీటరుకు 0.2 వాట్ల చొప్పున అదనపు వేడి ఏడాది పొడవునా ఎడతెగక కిందికి దిగుతున్నదనుకుంటే, ఏటా చేరేది సుమారు 6 మెగాజౌళ్లు. ఆ లెక్కన ఒక మీటరు మందం కరగడానికి పదేళ్లు, పది మీటర్లు కరగడానికి వందేళ్లు పడుతుంది.

పరిశీలకులను తికమకపెట్టే ఒక విషయం దీనితో తేటపడుతుంది. మైనస్ 5 డిగ్రీల చలినేలలో వాతావరణ మార్పు ఉష్ణోగ్రత పెరుగుదలగా స్పష్టంగా కనిపిస్తుంది. మైనస్ 0.3 డిగ్రీల వద్ద ఉన్న నేలలో మాత్రం ఏళ్ల తరబడి ఉష్ణమాపకం కదలకపోవచ్చు. ఆ నిలకడను చూసి నేల క్షేమంగా ఉందనుకోవడం ప్రమాదకరం, ఎందుకంటే వచ్చిన వేడి అంతా లోపలి మంచుగడ్డను కరిగించడానికి వినియోగమవుతూ ఉంటుంది. పైగా సన్నని మట్టిలో నీరంతా సరిగ్గా 0 డిగ్రీల వద్దే గడ్డకట్టదు. మట్టిరేణువుల ఆకర్షణ వల్ల కొంత నీరు 0కు దిగువన కూడా ద్రవంగానే మిగులుతుంది. టిబెట్ వంటి వెచ్చని పర్మాఫ్రాస్ట్ మొత్తం ఈ సంధి దశకు చేరువలోనే ఉన్నందున, ఇక్కడ ఉష్ణోగ్రతను మాత్రమే అనుసరించే నమూనా కంటే మంచుగడ్డ నిల్వను కూడా లెక్కించే నమూనా ఎంతో నమ్మదగినది.

3.43 మీటర్ల వివాదం

లోతు ఎంత ముఖ్యమో శాస్త్రలోకానికి గట్టిగా తెలియజెప్పినది 2005 నాటి ఒక అంచనా. అమెరికాకు చెందిన డేవిడ్ లారెన్స్, ఆండ్రూ స్లేటర్ ప్రపంచ వాతావరణ నమూనా ఒకదానితో లెక్కగట్టి, అధిక ఉద్గారాలు కొనసాగితే ఉత్తరార్ధగోళంలో ఉపరితలానికి దగ్గరగా ఉన్న పర్మాఫ్రాస్ట్ 2100 నాటికి కోటీ 5 లక్షల చదరపు కిలోమీటర్ల నుంచి సుమారు 10 లక్షలకు కుంచించుకుపోతుందని ప్రకటించారు. మరుసటి ఏడాదే పర్మాఫ్రాస్ట్ పరిశోధకులు క్రిస్ బర్న్, ఫ్రెడరిక్ నెల్సన్ దీన్ని ప్రశ్నించారు. ఆ నమూనాలో నేల లోతు 3.43 మీటర్ల వద్దే ఆగిపోయింది. దాని అడుగున వేడి అటూ ఇటూ కదలదన్న నిబంధన పెట్టారు. నిజమైన నేలలో ఆ లోతున రుతువుల ఊపు ఇంకా మూడోవంతు దాకా మిగిలే ఉంటుంది, దిగువనున్న అపారమైన చల్లని రాశి వేడిని పీల్చుకుంటూ ఉంటుంది. ఆ చల్లని రాశిని తొలగించి చేసిన లెక్కలో పైపొర అసలు కంటే త్వరగా వేడెక్కక తప్పదు.

ఈ విమర్శ వ్యర్థం కాలేదు. లారెన్స్, స్లేటర్ తమ సహచరులతో కలిసి నమూనాలోని నేలను సుమారు 50 మీటర్ల వరకు పొడిగించి, వేడిని అడ్డుకునే సేంద్రియ పదార్థపు ప్రభావాన్ని చేర్చి, 2008లో కొత్త లెక్కలు ప్రచురించారు. కరిగే వేగం మునుపటికంటే తగ్గింది, అయితే ఉపరితల పర్మాఫ్రాస్ట్‌కు ముంచుకొస్తున్న ముప్పు తొలగిపోలేదు. ఒక అంచనా, దాని మీద సూటి విమర్శ, ఆ విమర్శను స్వీకరించి చేసిన సవరణ, ఈ మూడూ మూడేళ్ల వ్యవధిలో జరగడం విజ్ఞానశాస్త్రం పనిచేయవలసిన తీరుకు చక్కని నిదర్శనం.

ఒకే పీఠభూమి, భిన్నమైన జోస్యాలు

టిబెట్ విషయంలోనూ అంచనాలు ఒకదానికొకటి దూరంగా ఉన్నాయి. 2005లో నాన్ ఝువోతోంగ్ బృందం, నేలలో వేడి ప్రసరణను దశలవారీగా లెక్కగట్టే నమూనాతో, ఏటా 0.02 డిగ్రీల చొప్పున వేడెక్కితే వందేళ్లలో పీఠభూమి పర్మాఫ్రాస్ట్ 13.4 శాతం మాత్రమే తగ్గుతుందని, ఏటా 0.052 డిగ్రీల చొప్పున వేడెక్కితే ఆ నష్టం 46 శాతానికి చేరుతుందని తేల్చింది. 2012లో గువో దోంగ్‌లిన్, ఆయన సహచరులు మరో నమూనాతో చేసిన అధ్యయనం, మధ్యస్థ ఉద్గారాల పరిస్థితిలో ఇరవై ఒకటో శతాబ్దం చివరికి ఉపరితల సమీప పర్మాఫ్రాస్ట్ సుమారు 81 శాతం కనుమరుగవుతుందని అంచనా వేసింది.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి, శాస్త్రజ్ఞులకే ఒక మాట లేదని తోసిపుచ్చడం తొందరపాటు. రెండు అధ్యయనాలూ కొలిచిన వస్తువు ఒకటి కాదు. ఉపరితల సమీప పర్మాఫ్రాస్ట్ అంటే పైనున్న కొద్ది మీటర్లలోపు గడ్డకట్టి ఉన్న నేల. కరిగే లోతు ఆ హద్దు దాటగానే, దాని కింద యాభై మీటర్ల గడ్డకట్టిన నేల మిగిలి ఉన్నా, ఆ చోటు లెక్కలోంచి తొలగిపోతుంది. మొత్తం మందాన్ని పరిగణించే నమూనాలో అదే చోటు మరెన్నో దశాబ్దాలు పర్మాఫ్రాస్ట్‌గానే కొనసాగుతుంది. గడ్డి వేళ్లకు, రహదారి పునాదికి, చిత్తడినేల తేమకు ముఖ్యమైనది మొదటి కొలత. భూగర్భ జలమార్గాలకు ముఖ్యమైనది రెండో కొలత. ఏ అంకె ఏ ప్రశ్నకు జవాబో విడమరచి చెప్పడం పత్రికల బాధ్యత కూడా. ఈ అంకెలు సూచించే మరో విషయం ఏమిటంటే, వేడెక్కే వేగం పెరిగిన దామాషాలోనే నష్టం ఆగకపోవచ్చు. నాన్ బృందం అంకెల్లోనే వేగం రెండున్నర రెట్లు పెరిగినప్పుడు నష్టం మూడు రెట్లు మించింది. కాబట్టి ఉద్గారాలను ఎంత తగ్గిస్తే అంత నేల నిలుస్తుంది.

టిబెట్ ప్రత్యేకతలు

ఆర్కిటిక్ కోసం రూపొందించిన నమూనాలను యథాతథంగా టిబెట్‌కు తెస్తే పొసగకపోవడానికి స్థానిక కారణాలున్నాయి. ఆర్కిటిక్‌లో శీతాకాలమంతా మందంగా కప్పుకునే హిమం చలి లోపలికి దిగకుండా అడ్డుకుంటుంది. టిబెట్ పీఠభూమి లోపలి భాగాల్లో హిమం పలుచగా, అక్కడక్కడ పడి, ఎండకూ గాలికీ త్వరగా మాయమవుతుంది. నమూనా హిమపాతాన్ని ఎక్కువగా ఊహిస్తే నేలను లేనిపోని దుప్పటి కప్పినట్లవుతుంది. ఆర్కిటిక్ నేలలో సేంద్రియ పదార్థం దట్టంగా ఉండగా, ఇక్కడ చాలాచోట్ల గులకరాళ్లు, ముతక ఇసుక కలిసిన మట్టి ఉంటుంది, దాని గుండా వేడి ప్రసరించే తీరు వేరు. ఒకే లోయలో ఎండవాలుకూ నీడవాలుకూ మధ్య నేల ఉష్ణోగ్రతలో పెద్ద తేడా ఉంటుంది కనుక, వంద కిలోమీటర్ల గడిని ఒకే నేలగా భావించే ప్రపంచ నమూనాలకు ఆ వైవిధ్యం కనబడదు.

వీటన్నిటికంటే పెద్ద ఇబ్బంది కొలతల కొరత. వాతావరణ కేంద్రాలు ఎక్కువగా పీఠభూమి తూర్పు భాగంలో, జనావాసాలున్న లోయల్లో ఉన్నాయి. పశ్చిమాన విశాలమైన చాంగ్‌తాంగ్ ప్రాంతంలో అవి బహు అరుదు. ఉష్ణోగ్రతను కొలవడానికి తవ్విన బోర్లలో అధికభాగం రహదారి, రైలుమార్గం వెంటే ఉన్నాయి. ఉపగ్రహాలు ఉపరితలాన్ని మాత్రమే చూడగలవు. మీటర్ల లోతున నేల ఎలా ఉందో చెప్పగలిగినది బోరులో దించిన ఉష్ణోగ్రత కొలిచే తీగ ఒక్కటే. ఆ కొలతలు లేనప్పుడు నమూనా చెప్పిన జవాబు నిజమో కాదో తేల్చుకునే దారి ఉండదు.

లెక్క నిర్మాణంగా మారినప్పుడు

ఈ లెక్కల విలువను లోకానికి చూపినది 2006 జూలై 1న పూర్తిస్థాయిలో ప్రారంభమైన చింగ్‌హై–టిబెట్ రైలుమార్గం. గోల్ముద్ నుంచి లాసా వరకు ఉన్న 1,142 కిలోమీటర్ల భాగంలో సుమారు 550 కిలోమీటర్లు పర్మాఫ్రాస్ట్ మీదుగా సాగి, తంగ్గులా కనుమ వద్ద 5,072 మీటర్ల ఎత్తును తాకుతుంది. మంచుగడ్డ దండిగా ఉన్న నేల కరిగితే కుంగుతుంది, ఆ కుంగుబాటు ఒకచోట ఎక్కువగా, పక్కన తక్కువగా ఉండటం పట్టాలకు ప్రాణాంతకం. పూర్వపు పద్ధతిలో కట్ట ఎత్తు పెంచి వేడిని అడ్డుకునేవారు; ఛెంగ్ గువోదోంగ్ నాయకత్వంలోని శాస్త్రజ్ఞులు, వేడెక్కే కాలంలో అడ్డుకోవడం చాలదని, కట్ట కింది నేలను చురుకుగా చల్లబరచాలని వాదించారు. ఆ ఆలోచనే ఈ మార్గానికి ఆధారమైంది.

కొన్నిచోట్ల కట్టలో పెద్ద రాళ్ల పొర పరిచారు. శీతాకాలంలో బరువైన చల్లగాలి రాళ్ల సందుల్లోకి దిగి లోపలి వెచ్చగాలిని పైకి నెడుతుంది. వేసవిలో తేలికైన వెచ్చగాలి పైనే నిలిచిపోతుంది కనుక వేడి కిందికి దిగదు. మరికొన్నిచోట్ల అమ్మోనియా నింపిన లోహపు గొట్టాలను నేలలో పాతారు. నేలకంటే గాలి చల్లగా ఉన్నప్పుడు అడుగున అమ్మోనియా ఆవిరై వేడిని పైకి మోసుకెళ్లి, పైకొసలో ద్రవమై మళ్లీ కిందికి జారుతుంది. వేసవిలో ఈ చక్రం తనంతట తానే ఆగిపోతుంది. మరీ బలహీనమైన నేల ఉన్నచోట, నీరు లేకున్నా వంతెనలు కట్టి, లోతైన స్తంభాల మీద పట్టాలు నడిపారు. ఏ కిలోమీటరుకు ఏ ఉపాయం సరిపోతుందో నిర్ణయించడానికి నేల ఎంత వెచ్చగా ఉంది, ఎంత మంచుగడ్డ ఉంది, యాభై ఏళ్లలో ఎంత కరుగుతుంది అన్న లెక్కలు తప్పనిసరి.

నీరు, కర్బనం కూడా ఇదే లెక్కతో ముడిపడి ఉన్నాయి. గడ్డకట్టిన నేల వర్షపు నీటిని, కరిగిన నీటిని లోతుకు ఇంకనివ్వకుండా పైన నిలపడం వల్లనే యాంగ్‌ట్సీ, పసుపు నదుల మూలాల్లో పచ్చికబయళ్లు, చిత్తడినేలలు నిలిచాయి. కరుగు లోతు పెరిగేకొద్దీ నీరు కిందికి జారి, తడినేల గడ్డి ఎండి, యాక్ మందల మీద బతికే కుటుంబాల మేతభూములు చిక్కిపోతాయి. ఉత్తరార్ధగోళపు పర్మాఫ్రాస్ట్ నేలల్లో దాదాపు 1,500 గిగాటన్నుల సేంద్రియ కర్బనం నిల్వ ఉంది, అది వాతావరణంలోని కర్బనానికి సుమారు రెట్టింపు. అందులో టిబెట్ వాటా చిన్నదే అయినా, నేల వెచ్చనిది కనుక ముందుగా కరిగి గాలిలో కలిసే భాగాల్లో అదీ ఒకటి.

హిమాలయాలకు అవసరమైన పని

ఇదే చాంగ్‌తాంగ్ నేల సరిహద్దు దాటి లద్దాఖ్‌లోకీ వ్యాపించి ఉంది. హిందూకుష్–హిమాలయ ప్రాంతం మొత్తంలో హిమానీనదాల కంటే పర్మాఫ్రాస్టే ఎక్కువ విస్తీర్ణంలో ఉంటుందని 2017లో స్టీఫన్ గ్రూబర్ బృందం సమీక్షించి చెప్పినా, భారతదేశంలో దాని మీద కొలతలు ఇటీవలే మొదలయ్యాయి. లేహ్‌కు ఎగువనున్న గంగ్లాస్ పరీవాహక ప్రాంతంలో నేల ఉష్ణోగ్రతలను, ఉపరితల శక్తి వినిమయాన్ని కొలిచి పర్మాఫ్రాస్ట్ ఉనికిని అంచనా వేసిన అధ్యయనం 2020లో వెలువడింది.

ఈ పని ఎంత అత్యవసరమో సిక్కిం తెలియజెప్పింది. 2023 అక్టోబరు 3 రాత్రి దక్షిణ ల్హోనక్ సరస్సు పక్కనున్న గట్టు, హిమానీనదం పేర్చిన రాళ్లూ మట్టీ గడ్డకట్టి నిలిచిన గట్టు, కూలి సరస్సులో పడింది. తరువాతి అధ్యయనం ప్రకారం పడిన రాశి సుమారు 1.47 కోట్ల ఘనమీటర్లు. అది లేపిన కెరటం సరస్సు ముఖద్వారాన్ని ఛేదించగా, వరద తీస్తా లోయ వెంట దిగి చుంగ్‌థాంగ్ వద్ద ఉన్న 1,200 మెగావాట్ల జలవిద్యుత్ ప్రాజెక్టు ఆనకట్టను తుడిచిపెట్టింది, ఎందరినో బలిగొంది. హిమానీనద సరస్సుల విస్తీర్ణాన్ని ఉపగ్రహాలు ఏళ్లుగా గమనిస్తూనే ఉన్నాయి. వాటిని ఆనుకొన్న గట్ల లోపలి వెచ్చదనం మాత్రం ఉపగ్రహాలకు అందదు.

హిమాలయాల్లో సొరంగాలు, రహదారులు, ఆనకట్టలు, సైనిక స్థావరాలు ఏటా మరింత ఎత్తుకు చేరుతున్నాయి. నిర్మాణానికి ముందు అక్కడి నేల రాతినేలో మట్టినేలో పరీక్షిస్తారు గాని, దాని ఉష్ణోగ్రతను, మంచుగడ్డ పాలును కొలవడం కూడా అంతే ముఖ్యమైన నిబంధన కావాలి. టిబెట్ అనుభవం చూపినట్లు, నమూనా మెరుగయ్యేది కంప్యూటర్ గదిలో మాత్రమే కాదు. కొలతల ద్వారా, కొలతలను బహిరంగంగా పంచుకోవడం ద్వారా, ఒకరి లెక్కను మరొకరు నిర్దాక్షిణ్యంగా పరీక్షించడం ద్వారా. నేల కరుగుతున్నంత కాలం ఉష్ణమాపకం 0 వద్ద నిలిచి ఉంటుంది గనుక, ప్రమాదం అంకెలో కనిపించే నాటికి లోపలి మంచుగడ్డ చాలావరకు ఖర్చైపోయి ఉంటుంది. అందువల్ల కొలవడం మొదలుపెట్టవలసినది కుంగుబాటు కనిపించిన తరువాత కాదు, దశాబ్దాల ముందుగా. హిమాలయాల విషయంలో ఆ దశాబ్దాలు ఇప్పటికే నడుస్తున్నాయి. ఈ రోజు తవ్వని ప్రతి బోరూ, రేపటి ఇంజినీరు చేతికి అందవలసిన ఒక సమాధానాన్ని అందకుండా చేస్తుంది.